ఘాట్ రోడ్డు మూసేశారన్న నోటీసు మధ్యాహ్నం దాకా ఎవరికీ కనబడలేదు: సర్వర్‌లో క్యాష్ పేజీలు ఎలా సర్దుకోవాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి), ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా మా ప్రాంతం కోసం ఒక చిన్న సైటు నడుపుతున్నాను. బస్సులు, గుణుపురం లైను రైళ్లు, కరెంటు కోతలు, సంత ధరలు, ఘాట్ రోడ్ల పరిస్థితి. అన్నీ తెలుగులోనూ ఒడియాలోనూ. పేజీలు కట్టేది వర్డ్‌ప్రెస్ (పీహెచ్‌పీలో నడుస్తుంది), డేటాబేస్ మైఎస్‌క్యూఎల్, వాటి ముందు అడిగినవాళ్లకి పేజీలు అందించే ఇంజిన్‌ఎక్స్. అద్దె సర్వర్‌కి ఒకటే కోర్, 1 జీబీ ర్యామ్.

గుణుపురం రథయాత్ర రోజున జనం ఒక్కసారిగా వచ్చేసరికి సర్వర్ పడిపోయింది. ఆ రాత్రే నెట్‌లో దొరికిన కాన్ఫిగరేషన్ ఒకటి చూసి ఫాస్ట్‌సీజీఐ క్యాష్ పెట్టాను. ఒకసారి తయారైన పేజీని ఆరు గంటల పాటు దాచి, అడిగినవాళ్లందరికీ అదే ఇవ్వమన్నాను. మర్నాటి నుంచి సైటు పరుగులు పెట్టింది.

తరవాత మూడు జరిగాయి. తెలుగు ఎంచుకున్నవాళ్లకి ఒడియా పేజీ వస్తోందని ఫోన్లు మొదలయ్యాయి. మళ్లీ తెలుగు నొక్కినా కాసేపటికి ఒడియాకే పోతోందట. ఆ తరవాత డిస్కులో మిగిలిన 8 జీబీ నిండిపోయి డేటాబేస్ ఆగిపోయింది. కంగారులో సాయంత్రం ఏడింటికి క్యాష్ ఫోల్డర్ మొత్తం తుడిచేశాను. రెండు నిమిషాల్లో సైటు మళ్లీ పడింది.

మూడోది మాత్రం నన్ను నిద్రపోనివ్వడం లేదు. పోయిన వారం వానలకి ఆర్. ఉదయగిరి వైపు ఘాట్‌లో మట్టి జారింది. పొద్దున 6:20కి నోటీసు పెట్టాను. నా ఫోన్లో చూసుకుంటే కనబడింది, సరేననుకున్నాను. మిగతా అందరికీ మధ్యాహ్నం పన్నెండు దాకా పాత పేజీయే కనబడింది. "దారి మామూలుగానే ఉంది" అన్న ఆ పాత పేజీ చూసి ఒకాయన నెలలు నిండిన కూతుర్ని ఆటోలో ఎక్కించుకుని పర్లాకిమిడి ఆస్పత్రికి బయల్దేరాడు. సగం దారిలో ఆగిపోయి, వెనక్కి వెళ్లి, చుట్టు తిరిగి వచ్చారు. తల్లీబిడ్డా క్షేమం. అయినా ఆ మాట ఆయన నాతో చెప్పినప్పుడు తల ఎత్తలేకపోయాను.

క్యాష్ తీసేస్తే పండగ రోజుల్లో సైటు నిలవదు. ఉంచితే ఇలా. ఏం చెయ్యమంటారు?

గుణుపురం కుర్రాడు, ఆదివారం రాత్రి 9:30

అన్నా, ముందు ఆ ఆరు గంటలు తీసి పది నిమిషాలు పెట్టెయ్. మిగతాది తరవాత చూద్దాం.

నాగావళి గట్టు (రాయగడ, ప్రస్తుతం విశాఖ), ఆదివారం రాత్రి 10:05

తమ్ముడు చెప్పింది ఇప్పుడే చెయ్యండి. తరవాత ఇది చదవండి. సర్వర్ల పనే నా ఉద్యోగం కాబట్టి కొంచెం విడమర్చి రాస్తాను.

నోటీసు మీకు కనబడటానికి కారణం మీరు లాగిన్ అయి ఉండటమే. లాగిన్ అయినవాళ్లకి క్యాష్ పక్కన పెట్టి తాజా పేజీ ఇవ్వమని ఆ కాన్ఫిగరేషన్‌లో ఒక లైను ఉండే ఉంటుంది. అది ఉండాల్సిందే. కాకపోతే సైటు నడిపేవాడికి అందరూ చూసే పేజీ ఎప్పటికీ కనబడదు. లాగిన్ లేని ఇంకో బ్రౌజర్‌లో చూడటం అలవాటు చేసుకోండి.

ఒక హెడర్ (పేజీతోపాటు వెళ్లే చిన్న చీటీ) కూడా పెట్టుకోండి. ఇంజిన్‌ఎక్స్‌లో అప్‌స్ట్రీమ్ క్యాష్ స్టేటస్ అనే వేరియబుల్ ఉంది. దాన్ని ఎక్స్-క్యాష్-స్టేటస్ పేరుతో ప్రతి పేజీతోపాటు పంపితే ఆ పేజీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. హిట్ అంటే దాచినది, మిస్ అంటే కొత్తగా కట్టినది, బైపాస్ అంటే క్యాష్‌ని అడగలేదు, స్టేల్ అంటే గడువు దాటినదాన్నే ఇచ్చింది. ఇది లేకుండా క్యాష్ సర్దడం చీకట్లో సూదికి దారం ఎక్కించడమే.

ఇక ఒడియా సంగతి. క్యాష్‌కి భాష తెలియదు, మనిషి తెలియదు. దానికి తెలిసింది కీ ఒక్కటే, అంటే దాచిన పేజీకి అది పెట్టుకునే పేరు. చాలామంది ఆ కీని స్కీమ్, మెథడ్, హోస్ట్, పూర్తి యూఆర్‌ఎల్ కలిపి రాస్తారు. మీ భాష కుకీలో (సైటు చెప్పగా బ్రౌజర్ గుర్తుపెట్టుకునే చిన్న సమాచారం) ఉంది, కీలో లేదు. గడువు అయిపోయాక ముందుగా ఒడియా ఆయన వస్తే ఒడియా పేజీ దాచుకుంటుంది, ఆ తరవాత ఆరు గంటలూ అందరికీ అదే.

మళ్లీ మళ్లీ ఒడియాకే ఎందుకు పోతోందో నాకు ఒక అనుమానం. మీ కాన్ఫిగరేషన్‌లో ఇగ్నోర్ హెడర్స్ అనే లైను, అందులో సెట్-కుకీ అనే మాట ఉన్నాయా?

మహేంద్రతనయ, ఆదివారం రాత్రి 10:21

ఉన్నాయి. క్యాష్-కంట్రోల్, ఎక్స్‌పైర్స్, సెట్-కుకీ మూడూ ఉన్నాయి.

నాగావళి గట్టు, ఆదివారం రాత్రి 10:40

దొరికింది. మామూలుగా అయితే సర్వర్ నుంచి కుకీ పెట్టే పేజీ వస్తే ఇంజిన్‌ఎక్స్ దాన్ని దాచదు. అందులో ఒక మనిషికి మాత్రమే చెందినది ఏదో ఉందని దాని లెక్క. ఆ లెక్క పట్టించుకోవద్దని మీ లైను చెప్తోంది. దాంతో "ఈయన భాష ఒడియా" అన్న కుకీ కూడా పేజీతోపాటు డిస్కులో కూర్చుంది. తరవాత వచ్చిన ప్రతివాడి ఫోన్లోకీ అదే కుకీ వెళ్లింది. వాళ్లు తెలుగు నొక్కినా, దాచిన ఇంకో పేజీ తెరవగానే మళ్లీ ఒడియా.

మీ సైటులో భాష కుకీతో పోయింది. అదే లైను కొనుగోళ్ల సైటులో ఉంటే ఒకరి బుట్ట ఇంకొకరికి కనబడేది. పైగా క్యాష్-కంట్రోల్ మాట కూడా వినొద్దన్నారు కాబట్టి "ఈ పేజీ దాచొద్దు" అని వర్డ్‌ప్రెస్ చెప్పినా ఇంజిన్‌ఎక్స్ చెవిన పెట్టదు. ఆ లైను మొత్తం తీసెయ్యండి. తీశాక ఏ పేజీలైనా అస్సలు క్యాష్ కావడం లేదంటే, ఏ ప్లగిన్ అనవసరంగా కుకీ పెడుతోందో వెతకండి. పట్టుకోవాల్సింది ఆ ప్లగిన్‌ని.

గుణుపురం కుర్రాడు, సోమవారం ఉదయం 7:50

భాష కుకీని కూడా కీలో కలిపేస్తే సరిపోతుంది కదా? ఒక్క లైను పని.

బరంపురం పట్టు, సోమవారం ఉదయం 8:34

కుకీ హెడర్ మొత్తం కలిపితే మాత్రం కొంప మునుగుతుంది. ఒక్కొక్కరి కుకీ ఒక్కోలా ఉంటుంది కాబట్టి ప్రతి మనిషికీ ఒక కాపీ తయారవుతుంది. భాష కుకీ ఒక్కదాన్నే తీసుకుని మ్యాప్ బ్లాకులో (ఒక విలువని ఇంకో విలువగా మార్చే ఇంజిన్‌ఎక్స్ పట్టిక) రెండే విలువలకి కుదించాలి. ఒడియా అని ఉంటే ఒడియా, ఇంకేం ఉన్నా తెలుగు.

అయినా నా సలహా అది కాదు. రెండు భాషలకీ రెండు వేరు యూఆర్‌ఎల్‌లు పెట్టండి. మన దగ్గర పేజీలు తిరిగేది వాట్సాప్‌లో. పంపినవాడు తెలుగులో చదివి పంపితే అందుకున్నవాడికి కూడా తెలుగే తెరుచుకోవాలి. భాష కుకీలో ఉంటే ఆ లింకు ఒక్కొక్కరికీ ఒక్కోలా తెరుచుకుంటుంది, ఎవరు ఏం చూశారో తేల్చుకోలేం.

ఫోను చెప్పే భాషని బట్టి ఇద్దామని కూడా అనుకోకండి. మన వాళ్ల ఫోన్లు చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయి. పైగా మా ఇంట్లో చూడండి. అమ్మ తెలుగు చదువుతుంది. నా పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ ఒడియా మీడియం కాబట్టి చదివేది ఒడియా మాత్రమే. ఒకే ఫోను అందరి చేతుల్లోనూ తిరుగుతుంది. భాష మనిషిది, ఫోనుది కాదు. పేజీ పైన రెండు పెద్ద బటన్లు పెట్టండి చాలు.

మహేంద్రతనయ, సోమవారం ఉదయం 9:05

మీరు చెప్పింది మా వీధి సంగతి కూడా. వేరు యూఆర్‌ఎల్‌లే చేస్తాను. ఇప్పటికే జనం దాచుకున్న పాత లింకులు ఏమవుతాయి?

బరంపురం పట్టు, సోమవారం ఉదయం 9:20

పాత లింకుకి వచ్చినవాళ్లని కుకీ చూసి 302తో (తాత్కాలిక మళ్లింపు) సరైన భాషకి పంపండి. గడువు లైనులో 200 (పేజీ సరిగ్గా దొరికింది) ఒక్కటే రాయండి, అప్పుడు ఆ మళ్లింపు క్యాష్‌లో పడదు.

జయపురం మాస్టారు, సోమవారం మధ్యాహ్నం 1:15

నాయనలారా, నేను కంప్యూటర్ మనిషిని కాదు. మా స్కూలు పూర్వ విద్యార్థుల సైటు చూసుకుంటున్నాను. "క్యాష్ క్లియర్ చేసుకో" అని మా అబ్బాయి నా ఫోన్లో ఏదో నొక్కుతాడు. మీరు సర్వర్‌లో క్యాష్ అంటున్నారు. రెండూ ఒకటేనా?

నాగావళి గట్టు, సోమవారం మధ్యాహ్నం 2:02

మాస్టారూ, రెండూ వేరు. మీరు ఒక ప్రకటన రాసి స్కూలు నోటీసు బోర్డు మీద అంటించారనుకోండి. అది సర్వర్ క్యాష్. తప్పుంటే మీరే వెళ్లి చింపి కొత్తది అంటిస్తారు. అదే ప్రకటనని నాలుగు వందల కాపీలు తీసి పిల్లల చేతికిచ్చి ఇంటికి పంపారనుకోండి. అది ఫోన్లలోని క్యాష్. తరవాత తప్పు కనబడినా ఆ కాపీల్ని వెనక్కి తెప్పించలేరు.

అందుకే ఫోనుకి చెప్పే గడువు, సర్వర్‌కి చెప్పే గడువు వేరువేరుగా ఉండాలి. క్యాష్-కంట్రోల్ హెడర్‌లో మ్యాక్స్-ఏజ్ అన్నది ఫోనుకి కూడా వర్తిస్తుంది. ఎస్-మ్యాక్స్-ఏజ్ అన్నది మధ్యలో పదిమందికీ కలిపి ఉండే క్యాష్‌లకి మాత్రమే. మారే పేజీలకి మ్యాక్స్-ఏజ్ సున్నా ఉంచి, సర్వర్ వైపు మాత్రం దాచుకోవచ్చు.

ఇంకో మాట ఎంతమందినో తప్పుదారి పట్టిస్తుంది. నో-క్యాష్ అంటే దాచొద్దని కాదు. దాచుకో, కానీ వాడే ముందు ప్రతిసారీ నన్ను అడుగు అని. అస్సలు దాచొద్దంటే నో-స్టోర్. 2022 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9111లో (వెబ్ క్యాష్‌ల నియమాల పత్రం) కూడా ఇదే అర్థం. నో-క్యాష్‌తో పాటు ఈట్యాగ్ (పేజీ మారితే తనూ మారే గుర్తు) ఉంటే ఫోను "నా దగ్గరున్నది ఇదీ, మారిందా?" అని అడుగుతుంది. మారకపోతే సర్వర్ 304 అని చిన్న జవాబు ఇస్తుంది, పేజీ మళ్లీ దిగదు. కొండల్లో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట ఇది నిజంగా మేలు చేస్తుంది.

జయపురం మాస్టారు, సోమవారం మధ్యాహ్నం 2:30

నోటీసు బోర్డు పోలికతో బాగా అర్థమైంది. సంతోషం నాయనా.

గుణుపురం కుర్రాడు, సోమవారం సాయంత్రం 6:10

డిస్కు సంగతి నేను చెప్తాను, అది నేనూ పడ్డాను. అన్నా, నీ క్యాష్ ఫోల్డర్‌లో కొన్ని ఫైళ్లు తెరిచి మొదట్లో ఉండే కీ లైను చూడు. ఒకే పేజీ వేలసార్లు ఉంటుంది, చివర ఎఫ్‌బీ-క్లిక్-ఐడీ తోకతో. 2018 నుంచి ఫేస్‌బుక్ బయటి లింకులకి ఆ తోక తగిలిస్తోంది, ప్రతి నొక్కుకీ కొత్తది. మన కీలో పూర్తి యూఆర్‌ఎల్ ఉంది కాబట్టి ప్రతి నొక్కూ కొత్త పేజీ కింద లెక్క. పీహెచ్‌పీ పనీ తప్పదు, డిస్కూ నిండుతుంది.

నేనైతే కీలో పూర్తి యూఆర్‌ఎల్ బదులు యూఆర్‌ఐ అనే వేరియబుల్ పెట్టేశాను. అందులో తోక ఉండదు.

బరంపురం పట్టు, సోమవారం సాయంత్రం 6:25

అది దయచేసి ఎవరూ చెయ్యకండి! వర్డ్‌ప్రెస్‌లో అన్ని పేజీలూ చివరికి ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ గుండానే వెళ్తాయి. లోపల దారి మళ్లేసరికి ఆ యూఆర్‌ఐ వేరియబుల్ కూడా ఇండెక్స్ డాట్ పీహెచ్‌పీ అయిపోతుంది. అంటే సైటు మొత్తానికి ఒకే కీ. నేను ఒకసారి ఇలాగే పెట్టాను. మా పట్టుచీరల సైటులో ఏ చీర నొక్కినా "మమ్మల్ని సంప్రదించండి" పేజీయే వచ్చింది. ఒక పూట అమ్మకాలు పోయాయి.

గుణుపురం కుర్రాడు, సోమవారం సాయంత్రం 6:31

నాది వర్డ్‌ప్రెస్ కాదు, ఒక్కో పేజీకి విడి పీహెచ్‌పీ ఫైలు. అందుకే నాకు తెలియలేదు. మంచిదైంది చెప్పారు.

నాగావళి గట్టు, సోమవారం రాత్రి 9:15

ఇద్దరి మాటా కలిపితే దారి దొరికింది. బ్రౌజర్ అడిగిన అసలు యూఆర్‌ఎల్‌నే తీసుకుని, ప్రశ్నార్థకం తరవాత క్లిక్-ఐడీ, యూటీఎం లాంటి తోకలు మాత్రమే ఉంటే వాటిని కోసేసేలా మ్యాప్ రాయండి. తోకలో వెతుకులాట మాట ఉంటే ఆ పేజీని దాచనే వద్దు. ఎవడెవడు ఏం వెతుకుతాడో దానికి అంతుండదు.

తరవాత మీ సైజులు. కీజోన్, ఇన్‌యాక్టివ్, మ్యాక్స్-సైజ్ ఎంతెంత పెట్టారు?

మహేంద్రతనయ, సోమవారం రాత్రి 9:22

కీజోన్ 100 ఎంబీ, ఇన్‌యాక్టివ్ 30 రోజులు. మ్యాక్స్-సైజ్ రాయలేదు.

నాగావళి గట్టు, సోమవారం రాత్రి 9:48

కీజోన్ అంటే కీలు ఉంచుకునే మెమరీ, అందులో ఒక ఎంబీకి సుమారు 8 వేల కీలు పడతాయి. 100 అంటే 8 లక్షలు. మీ పేజీ 40 కేబీ అనుకున్నా 2 లక్షల ఫైళ్లకే 8 జీబీ నిండిపోతుంది. పైన మ్యాక్స్-సైజ్ అనే కట్ట లేదు, కాబట్టి ఆపేవాడు లేడు.

ఇన్‌యాక్టివ్‌ని చాలామంది గడువు అనుకుంటారు. కాదు. ఇన్ని రోజులుగా ఎవరూ అడగని ఫైలుని, అది తాజాదైనా పాతదైనా, తీసెయ్యమని దాని అర్థం. మీరేమీ రాయకపోతే అది 10 నిమిషాలు. గడువు దాటిన ఫైలు కూడా డిస్కులో ఉంటూనే ఉంటుంది, ఇన్‌యాక్టివ్ వస్తేనే పోతుంది. మీకు రెండు భాషలూ కలిపి మూడు నాలుగు వేల పేజీలు ఉంటాయేమో. కీజోన్ 1 ఎంబీ చాలు, 2 పెట్టుకోండి. మ్యాక్స్-సైజ్ 500 ఎంబీ, ఇన్‌యాక్టివ్ ఒక రోజు.

ఫోల్డర్ తుడవగానే సైటు ఎందుకు పడిందంటే, దాచిన పేజీలన్నీ ఒక్కసారిగా పోయేసరికి అప్పుడున్న జనమంతా పీహెచ్‌పీ మీద పడ్డారు. ఒకే పేజీని యాభై మంది అడిగితే అదే పేజీని యాభైసార్లు కట్టింది. క్యాష్ లాక్ ఆన్ చెయ్యండి. మొదటివాడి కోసం కడుతుంటే మిగతావాళ్లు ఆగుతారు. మీరు వేరే చెప్పకపోతే 5 సెకన్లు ఆగుతారు. దానితోపాటు యూజ్-స్టేల్ లైనులో అప్‌డేటింగ్, ఎర్రర్, టైమౌట్ చేర్చి, బ్యాక్‌గ్రౌండ్ అప్‌డేట్ కూడా ఆన్ చేస్తే, కొత్త పేజీ వెనకాల తయారవుతుంటే వచ్చినవాడికి పాతది వెంటనే అందుతుంది. కానీ ఫోల్డర్ మొత్తం తుడిచేస్తే ఇవ్వడానికి పాతది కూడా ఉండదు. అందుకే మొత్తం తుడవడం అన్నది అర్ధరాత్రి పని.

కొరాపుట్ కాఫీ, మంగళవారం ఉదయం 6:40

నేను సాంకేతిక మనిషిని కాదు, మీ సైటు చూసేవాణ్ణి. మా వైపు సిగ్నల్ పొద్దున ఉంటే మధ్యాహ్నం ఉండదు. నాకు రైలు టైము పాతదైనా కనబడితే చాలు, ఏమీ కనబడకపోవడం కంటే అదే నయం. కానీ దారి మూసిన సంగతి పాతది కనబడితే ప్రమాదం. రెండిటికీ ఒకే గడువు ఎందుకు పెట్టారు? ఇంకొకటి, ఆ పేజీ ఎన్నింటిది అన్నది పేజీ మీద ఎక్కడా లేదు. కూరగాయల ధర పక్కన తేదీ వేస్తారు, దారి సమాచారం పక్కన వెయ్యరా?

మహేంద్రతనయ, మంగళవారం ఉదయం 7:15

మీ మాటతో అసలు లోపం కనబడింది. ఎంతసేపు దాచగలం అని ఆలోచించాను గానీ, ఈ పేజీ పాతబడితే ఎవరికి ఏమవుతుంది అని ఒక్కసారి కూడా అడగలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా జిల్లాలో కరెంటు, ఫోన్లు పోయి ఏ దారి ఉందో ఏది లేదో తెలియక తిరిగాం. ఈ సైటు మొదలుపెట్టాలన్న ఆలోచన వచ్చిందే అప్పుడు.

నాగావళి గట్టు, మంగళవారం ఉదయం 8:30

అయితే పేజీల్ని అలాగే విడదీద్దాం. ఊరి చరిత్ర, ఫోన్ నంబర్లు, గుళ్ల వివరాలు ఒక రోజంతా ఉండొచ్చు. బస్సులు, రైళ్లు గంట. సంత ధరలు పదిహేను నిమిషాలు. మొదటి పేజీ, రోడ్ల పేజీ మాత్రం ఒక్క నిమిషం.

ఒక్క నిమిషమేనా అని తక్కువగా చూడకండి. సెకనుకి 50 మంది వచ్చినా నిమిషానికి 3,000 సార్లు అడిగినట్టు. అందులో పీహెచ్‌పీ దాకా వెళ్లేవి కొద్దిపాటివే, మిగతావన్నీ క్యాష్ నుంచే. రథయాత్ర రోజుకి ఈ నిమిషమే సరిపోతుంది. ఆరు గంటలు ఎప్పుడూ అవసరం లేదు. ఒక్క జాగ్రత్త: రోడ్ల పేజీకి యూజ్-స్టేల్‌లో అప్‌డేటింగ్ వద్దు. బ్యాక్‌గ్రౌండ్ అప్‌డేట్‌తో కలిసి అది ఉంటే రాత్రంతా ఎవరూ చూడని పేజీని పొద్దున మొదట వచ్చినవాడికి ఇచ్చేస్తుంది.

అత్యవసర నోటీసుని అసలు పేజీలో కలపకండి. చిన్న విడి ఫైలుగా ఉంచి, పేజీ తెరిచాక అది వేరుగా వచ్చి పైన పట్టీలా కూర్చునేలా చెయ్యండి. దానికి నో-క్యాష్ హెడర్. అది డిస్కు మీది మామూలు ఫైలు, ఇంజిన్‌ఎక్స్ దానికి తనే ఈట్యాగ్ ఇస్తుంది, పీహెచ్‌పీతో పని లేదు. మారకపోతే 304తో సరి.

బరంపురం పట్టు, మంగళవారం ఉదయం 9:10

పట్టీ జావాస్క్రిప్ట్‌తో వస్తుంది కదా. పాత ఫోన్లలో అది నడవకపోతే? నోటీసు పేజీలో కూడా ఉండాలి. అందుకే పర్జ్, అంటే దాచిన పేజీని గడువుకి ముందే తీసెయ్యడం, తప్పదు. నోటీసు మార్చగానే దాని పేజీ, మొదటి పేజీ, రోడ్ల పేజీ, ఫీడు, ఇవన్నీ రెండు భాషల్లోనూ తీసెయ్యాలి. అందరూ మర్చిపోయేది మొదటి పేజీ, రెండో భాష.

ఇంజిన్‌ఎక్స్ హెల్పర్ అనే ప్లగిన్ ఉంది, పోస్టు మార్చగానే క్యాష్ తీసేస్తుంది. ఇంజిన్‌ఎక్స్‌కి విడి మాడ్యూల్ చేర్చకపోయినా ఆ పేజీ ఫైలుని తుడిచే పద్ధతి అందులో ఉంది. అదే పని చిన్న స్క్రిప్టుతో మీరూ చెయ్యొచ్చు. కీకి ఎండీ5 (ఏ మాటనైనా ఒకే పొడవు గుర్తుగా మార్చే లెక్క) తీస్తే 32 అక్షరాలు వస్తాయి, అదే ఫైలు పేరు. కాన్ఫిగరేషన్‌లో ఫోల్డర్ల లెవెల్స్ 1:2 అని ఉంటే చివరి అక్షరం మొదటి ఫోల్డర్, దాని ముందు రెండు అక్షరాలు రెండో ఫోల్డర్. నేరుగా వెళ్లి ఆ ఒక్క ఫైలు తీసెయ్యొచ్చు. పీహెచ్‌పీ నడిచే యూజరుకి ఆ ఫోల్డర్ మీద అనుమతి ఉందో లేదో ముందే చూడండి. లేకపోతే పర్జ్ నొక్కినా ఏమీ జరగదు, జరిగిందనే అనుకుంటాం.

మహేంద్రతనయ, శుక్రవారం రాత్రి 9:40

మూడు రాత్రులు కూర్చుని చేశాను. ఇగ్నోర్ లైను తీశాక మొదటి పేజీ అస్సలు క్యాష్ కాలేదు, ప్రతిసారీ మిస్. వెతికితే భాష ప్లగినే ప్రతి పేజీకీ కుకీ పెడుతోంది. వేరు యూఆర్‌ఎల్‌లు వచ్చాయి కాబట్టి ఆ కుకీ ఆపేశాను, పాత లింకుల మళ్లింపుకి మాత్రమే ఉంచాను. తోకలు కోసే మ్యాప్ పెట్టాను. క్యాష్ ఫోల్డర్ ఇప్పుడు 90 ఎంబీ దగ్గర ఆగి ఉంది. స్క్రిప్టుకి అనుమతి లేదన్నది కూడా నిజమే, బరంపురం వారు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు.

ప్రతి పేజీ పైన "ఈ సమాచారం ఇన్ని గంటలకు రాసినది" అని పెద్ద అక్షరాల్లో పెట్టాను. కొరాపుట్ వారికి నమస్కారం.

ఇందాక 9:15కి వంశధార గట్టు పని వల్ల ఒక బస్సు దారి మారిందని నోటీసు పెట్టి, కాశీనగర్‌లో మా మేనత్తకి ఫోన్ చేసి సైటు తెరవమన్నాను. ఆమె ఫోన్ నుంచి ఒడియా పేజీ, పక్కింటి అబ్బాయి ఫోన్ నుంచి తెలుగు పేజీ చదివి వినిపించారు. రెండిట్లోనూ 9:15 అనే ఉంది. ఉదయగిరి ఆయన నంబరు నా దగ్గరుంది. రేపు పొద్దున ఆయనకీ చేసి ఇది చెప్తాను.